మోటుపల్లి రాయి, మా తాతయ్య నోటు పుస్తకం

మోటుపల్లి అనే పేరు నేను మొదట విన్నది మగ్గం గుంట పక్కన కూర్చుని. 1992 వేసవి సెలవులు. నాకు పదకొండేళ్ళు. పరీక్షలు అయిపోయిన మర్నాడే ఒంగోలులో పాసింజరు ఎక్కించేది మా అమ్మ. కరవది, అమ్మనబ్రోలు, ఉప్పుగుండూరు, చినగంజాం, కడవకుదురు అని స్టేషన్ల పేర్లు బోర్డుల మీద చదువుకుంటూ వేటపాలెంలో దిగేవాళ్ళం. చినగంజాం దగ్గర ఉప్పు కొఠార్లు వచ్చినప్పుడు మాత్రం కిటికీ దగ్గర చోటు కోసం చెల్లెలితో పోట్లాడేవాణ్ణి. నీళ్ళు నిలిపిన మళ్ళు, వాటి గట్ల మీద తెల్లటి కుప్పలు, కొన్నిటి మీద తాటాకులు కప్పి ఉండేవి. ఆ కుప్పలు కనపడితే అమ్మమ్మ వాళ్ళ ఊరు వచ్చేసినట్టే.

అమ్మమ్మ వాళ్ళది పెంకుటిల్లు. ముందు గదంతా గుంట మగ్గమే. తాతయ్య పొద్దున్నే గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటే మళ్ళీ అన్నానికే లేచేది. ఆ చప్పుడుకి మొదటి రెండు రోజులు మధ్యాహ్నం నిద్ర పట్టేది కాదు, మూడో రోజు నుంచి అది ఆగితే మెలకువ వచ్చేది. పిన్ని రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. చిలప, అంటే నూలు చుట్ట, చిక్కు పడకుండా పట్టుకోవడం నా పని.

"నీ చేతిలో ఉంది చూడు, అట్టాంటి పట్టునూలు ఓడల్లో దిగేదంటరా మన మోటుపల్లిలో. ఏడొందల యాభై ఏళ్ళ కింద," అన్నాడు తాతయ్య ఒకరోజు, పేక దారం అటూ ఇటూ పోనిచ్చే నాడె ఆపకుండానే.

నా చేతిలో ఉన్నది మామూలు నూలు. అయినా దాన్ని జాగ్రత్తగా చూశాను.

తాతయ్య చదివింది ఐదో తరగతి. కానీ వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918లో ఊళ్ళోవాళ్ళు పూనుకుని పెట్టుకున్న గ్రంథాలయం. 1929లో గాంధీగారు వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు అక్కడికి వస్తారు. తాతయ్య సాయంత్రం మగ్గం దిగి, స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని అక్కడికి వెళ్ళేవాడు. గుడికి వెళ్ళేటప్పుడు కూడా అంత శుభ్రంగా తయారవడం నేను చూడలేదు. అక్కడ పేపర్లు చదివేవాడు, చరిత్ర పుస్తకాలు చదివేవాడు. అర్థం కాని మాట వస్తే ఆ మాట రాసుకుని, చదువుకున్నవాళ్ళు ఎవరైనా కనపడితే అడిగేవాడు.

రాసుకోవడానికి నీలం అట్ట నోటు పుస్తకం ఒకటి ఉండేది. ముందు వైపు నుంచి తెరిస్తే నూలు లెక్కలు: షావుకారు ఎన్ని చిలపలు ఇచ్చాడు, ఎన్ని చీరలు దిగాయి, మజూరీ ఎంత వచ్చింది, అందులో పాత బాకీ ఎంత పోయింది. అదే పుస్తకాన్ని తిరగేసి వెనక నుంచి తెరిస్తే రాజులు, శాసనాలు, శక సంవత్సరాలు. రెండు వైపులా ఒకే పెన్సిలు, ఒకే గుండ్రటి అక్షరాలు.

ఆ వారంలోనే ఒకరోజు షావుకారు దగ్గర నుంచి నూలు రాలేదు. మగ్గం ఆగింది. నూలు రాకపోతే ఆ రోజు కూలి లేనట్టే, అమ్మమ్మ మొహంలో టెన్షన్ నాకే తెలుస్తోంది. తాతయ్య మాత్రం సైకిలు తుడిచి, "పదరా, రాయి చూపిస్తా," అన్నాడు. అమ్మమ్మ ఏమీ అనలేదు. పులిహోర కలిపి రెండు పొట్లాలు కట్టి, నీళ్ళ సీసా ఇచ్చింది.

సైకిలు బారు మీద తువ్వాలు చుట్టి నన్ను కూర్చోబెట్టాడు. దారంతా జీడిమామిడి తోటలు. రాలిన పళ్ళ వాసన ఎండకి ఇంకా ఘాటుగా కొడుతోంది. ఒకటి తీసుకుని కొరికాను, రసం చొక్కా మీద పడింది. ఆ మరక చివరిదాకా పోలేదు. చొక్కా పొట్టిదైపోయాక అమ్మ దాన్ని మసిగుడ్డ చేసేదాకా అలాగే ఉంది. కొంత దూరం పోయాక దారి ఇసుకలో పడింది. తాతయ్య దిగి సైకిలు నెట్టాడు, నేను వెనక కారియర్ పట్టుకుని తోశాను. సముద్రం కనపడలేదు కానీ గాలి మారింది. పెదాలు నాలుకతో తడుపుకుంటే ఉప్పగా తగిలింది.

ఇంత మాటలు చెప్పాడు కదా, మోటుపల్లి అంటే పెద్ద ఊరేమో అనుకున్నాను. ఓడలు, రేవు, కనీసం ఒక గోడ అయినా ఉంటుందనుకున్నాను. చిన్న పల్లెటూరు. తాటిచెట్లు, పూరిళ్ళు, కొన్ని పెంకుటిళ్ళు, దుమ్ములో ఆడుకుంటున్న పిల్లలు. వీరభద్రస్వామి గుడి, పాత రాతి కట్టడం. అక్కడ నీడలో రెండు మేకలు పడుకుని ఉన్నాయి. ఏడుపు వచ్చినంత పనైంది నాకు.

"ఓడలేవి తాతయ్యా?"

"ఉంటాయి, ఆగు," అన్నాడు.

గుడి దగ్గర రాతి స్తంభం ఉంది. ముందు నాకు మామూలు గరుకు రాయిలాగే కనపడింది. తాతయ్య చెప్పులు విడిచి, సీసాలో నీళ్ళు కొంచెం కొంచెంగా రాతి మీద పోసి, భుజం మీది తువ్వాలుతో మెల్లగా అద్దాడు. పైన ఉన్న తడి ముందు ఆరింది. గాళ్ళలో తడి మిగిలింది. అప్పుడు అక్షరాలు పైకి వచ్చాయి. ఒక వరుస, దాని కింద ఇంకొక వరుస, ఎక్కడా ఖాళీ లేకుండా. మన అక్షరాలే అనిపిస్తాయి, చదవబోతే చదవనివ్వవు. గుండ్రంగా ఉన్న ఒకదాని మీద వేలు పెట్టి ఇది 'ర' అవునా అని అడిగితే, "ఏమోరా, నాకూ సరిగ్గా రాదు," అన్నాడు. తనకు రానిదాన్ని వచ్చినట్టు చెప్పడం తాతయ్యకు తెలియదు. అప్పుడు సంచిలోంచి నోటు పుస్తకం తీసి, వెనక వైపు నుంచి తెరిచాడు.

అది కాకతి గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం. శకం 1166, అంటే 1244-45. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా ఓరుగల్లు ఏలినవాడు, రుద్రమదేవి తండ్రి. ఈ కోస్తా అంతా తన చేతికి వచ్చాక ఈ రేవు మీద దృష్టి పెట్టాడు. శాసనంలో మోటుపల్లికి దేశ్యుయ్యకొండ పట్టణం అని ఇంకో పేరు కూడా ఉంది. ఆ పేరు పలకడానికి నేను నాలుగుసార్లు ప్రయత్నించాను. హుల్ష్ అనే జర్మన్ పండితుడు ఆ శాసనాన్ని చదివి ఎపిగ్రాఫియా ఇండికా పన్నెండో సంపుటంలో అచ్చు వేయించాడు. లైబ్రరీలో ఒక పెద్దాయన దాని భావం తెలుగులో చెబుతుంటే తాతయ్య రాసుకున్నాడు.

నేను డిగ్రీ చదివేటప్పుడు చరిత్ర పేపర్లో ఇది ఒక మార్కు ప్రశ్న. మోటుపల్లి అభయ శాసనం వేయించినది ఎవరు? గణపతిదేవుడు. అయిపోయింది. అభయం ఎవరికి, దేని నుంచి అని ఏ మాస్టారూ చెప్పలేదు. నాకు ఆ సంగతి పదకొండేళ్ళకే, ఆ రాతి ముందు నిలబడి తెలియడం అదృష్టం.

తాతయ్య చదివి చెప్పిన భావం ఇది. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతున్న ఓడలు పెనుగాలికి చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారు. మేము అలా చేయం. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రం మీద అంత సాహసం చేసి వచ్చేవాళ్ళ మీద దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వాళ్ళకే వదిలేస్తున్నాము.

"సుంకం ఎంతో తెలుసా? వచ్చే సరుకైనా పోయే సరుకైనా ముప్పయికి ఒకటి. ముప్పై రూపాయల సరుక్కి రూపాయి," అన్నాడు తాతయ్య. తర్వాత సరుకుల జాబితా ఒక్కొక్కటే వేలు మడుస్తూ చదివాడు. గంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు. పట్టు బట్టలకు కట్టకింత అని. వక్కలకైతే లక్షకింత అని. లక్ష వక్కలు ఎవరు లెక్కపెట్టేవాళ్ళు అన్నది ఆ రోజు నా పెద్ద సందేహం. పట్టునూలు దగ్గరికి వచ్చేసరికి తాతయ్య గొంతు మారింది. ఆ ఒక్క మాట కోసమే నన్ను ఇంత దూరం సైకిలు మీద మోసుకొచ్చాడని అర్థమైంది.

ఎండలో ఆ రాతి ముందు కూర్చుని ఆ జాబితా వింటుంటే నాకు నిజంగానే ఓడలు కనపడ్డాయి. పొట్లం విప్పి పులిహోర తింటూ అడిగాను.

"ప్రాణం కన్నా డబ్బు ఎక్కువని ఎవరైనా అనుకుంటారా తాతయ్యా?"

తాతయ్య వెంటనే జవాబు చెప్పలేదు. "ఇంట్లో తినేవాళ్ళు నలుగురున్నోడు అనుకుంటాడురా," అన్నాడు కాసేపాగి.

మేము తింటుండగా ఒక పెద్దాయన వచ్చి నీడలో కూర్చున్నాడు. సముద్రం ఒడ్డున పల్లెలో ఉంటాడట, వేటకు పోయేవాడు, ఇప్పుడు కొడుకులు పోతున్నారు. ఒళ్ళంతా ఎండకి నల్లబడి, చేతివేళ్ళు తాడులా ముడులు పడి ఉన్నాయి. ఆ రాతి మీద నిధి ఎక్కడుందో రాశారని ఊళ్ళో చెప్పుకుంటారని, మీరేమన్నా చదివారా అని అడిగాడు. తాతయ్య అతనికి కూడా మొదటి నుంచి చెప్పాడు, ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకురావడం దగ్గర నుంచి.

అతను మధ్యలో మాట్లాడకుండా విన్నాడు. తర్వాత తన మాట చెప్పాడు. 1977 నవంబరు 19 నాటి తుపాను తర్వాత, పది రోజులకో ఏమో, అతనికి ఒడ్డున ఇసుకలో పెద్ద వల దొరికింది. చిరిగిపోలేదు. తన గుడిసె ఎగిరిపోయింది, తన వల పోయింది. అయినా దాన్ని ఉప్పు పోయేదాకా మంచినీళ్ళలో ఝాడించి, ఆరబెట్టి, చుట్టి దాచాడు. దూలానికి రెండేళ్ళు వేలాడింది. ముడి వేసిన తీరు చూస్తే తమ వైపుది కాదని తెలుస్తోందట. ఎవరు అటు నుంచి వచ్చినా చూపించేవాడు. చివరికి దక్షిణం వైపు నుంచి వచ్చిన ఒక మనిషి దాన్ని చేత్తో పట్టుకుని, ఒక చోట వేసిన అతుకు చూసి, ఇది మా అన్నది అన్నాడు. అన్న తిరిగి రాలేదు. వల తీసుకుని, ఆ పూట అన్నం తిని వెళ్ళిపోయాడు.

"గంగమ్మ ఇచ్చింది గదా, మీరే ఉంచుకోవచ్చు గదా?" అన్నాను. పిల్లవాణ్ణి, నోటికి వచ్చింది అనేశాను.

"గంగమ్మ ఇచ్చింది కాదయ్యా, గాలి తెచ్చింది. ఇచ్చింది వేరు, తెచ్చింది వేరు," అన్నాడు.

తాతయ్య నోటు పుస్తకం మూసి, మళ్ళీ తెరిచి, గణపతిదేవుడి పేజీలో ఒక పక్కన ఆ మాట రాసుకున్నాడు. నేను చూశాను. ఆ పెద్దాయన లేచి స్తంభం దగ్గరికి వెళ్ళి, రాతి మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. నిధి గురించి మళ్ళీ అడగలేదు. పోతూ పోతూ నా చేతిలో రెండు ముంజకాయలు పెట్టాడు.

గణపతిదేవుడి శాసనం చాలామందికి తెలుసు. మోటుపల్లిలో ఇంకొక శాసనం ఉంది. తాతయ్యకు ఇష్టమైనది అది.

కాకతీయ రాజ్యం 1323లో పోయింది. తర్వాత ఈ ప్రాంతం రెడ్డిరాజుల చేతికి వచ్చింది. ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా ఏలాడు. కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. అనవోతారెడ్డి కాలంలో, శకం 1280లో, అంటే 1358లో వేయించిన శాసనం సంస్కృతం, తెలుగు, తమిళం మూడు భాషల్లో ఉంటుంది. సంస్కృతంలో ఈ ఊరు ముకుళపురం. ముకుళం అంటే మొగ్గ. తమిళం ఎందుకంటే ఈ తీరం వెంట వ్యాపారం చేసేవాళ్ళలో తమిళ వర్తకులు చాలామంది. వాళ్ళు చదువుకోవాలి కదా, అందుకు. వచ్చేవాడి భాషలో మాట రాసి పెట్టడం నాకు చాలా పెద్ద సంగతిగా అనిపిస్తుంది. మోటుపల్లికి వచ్చి ఉండదలచిన వర్తకులను గౌరవిస్తాం, భూములు ఇస్తాం, వెళ్ళిపోతామంటే ఆపం, మీ సరుకు మీరు ఇష్టమొచ్చినట్టు అమ్ముకోండి అని అందులో ఉంది. ఇంకొకటి ఉంది. అపుత్రిక దండం రద్దు.

అపుత్రిక దండం అంటే, మగపిల్లలు లేకుండా ఎవరైనా చనిపోతే వాళ్ళ ఆస్తి రాజు తీసుకోవడం.

మా తాతయ్యకు ముగ్గురూ ఆడపిల్లలే. పెద్దమ్మ, అమ్మ, పిన్ని. మగపిల్లాడు లేడని చుట్టాలు ఎన్నెన్ని మాటలన్నారో అమ్మమ్మ చెబితే తెలిసింది. పున్నామ నరకం అన్నారు. మగ్గం మీద కూర్చునేవాడు ఎవడన్నారు. అన్న కొడుకుని దత్తత తీసుకో, ఆస్తి ఇంటి పేరు దాటిపోదు అని పంచాయితీ పెట్టారు. ఆస్తి అంటే ఆ పెంకుటిల్లు, మగ్గం, ఇంటి వెనక నాలుగు కొబ్బరి చెట్లు. తాతయ్య ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఒక ఏడాదిపాటు అన్నదమ్ముల ఇళ్ళ మధ్య మాటలు లేవట.

తిరిగి వచ్చేటప్పుడు ఇసుక దారిలో సైకిలు నెట్టుకుంటూ ఆ రెండో శాసనం గురించి చెప్పాడు. "ఆరొందల ఏళ్ళ కిందటే ఒక రాజు ఆ సొమ్ము మాకొద్దన్నాడురా. నాకు ఇంకొకడు చెప్పాలా?" ఎన్టీఆర్ ప్రభుత్వం ఆడపిల్లలకు ఆస్తిలో సమాన హక్కు తెచ్చి అప్పటికి ఐదారేళ్ళు అయింది. ఆ సంగతి కూడా చెప్పాడు. అనవోతారెడ్డి మాట కూతుళ్ళకు వాటా ఇవ్వడం కాదు, రాజు తన చెయ్యి వెనక్కి తీసుకోవడం. ఆ తేడా తాతయ్యకు బాగా తెలుసు. అయినా ఆ మాటను పట్టుకుని ఎన్నేళ్ళు నిలబడ్డాడో.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. నూలు మర్నాడు వచ్చింది.

ఆ తర్వాత చదువుల్లో పడ్డాక మోటుపల్లి నాకు వేరే దారుల్లో ఎదురైంది. మార్కోపోలో పదమూడో శతాబ్దం చివర చెప్పిన ముత్ఫిలి ఈ మోటుపల్లే. అక్కడ ఒక రాణి ఏలుతోందని, చాలా వివేకవంతురాలని, న్యాయంగా పరిపాలిస్తుందని రాశాడు. ఆమె రాజుకు భార్య అని పొరబడ్డాడు. రుద్రమదేవి గణపతిదేవుడి కూతురు. కొండల్లో వజ్రాలు దొరుకుతాయని కూడా చెప్పాడు. నాకు ముఖ్యమైనది బట్ట సంగతి. ఈ దేశంలో నేసే సన్నటి బట్ట సాలెగూడులా ఉంటుందని, దాన్ని కట్టుకోవడానికి ఇష్టపడని రాజూ రాణీ ప్రపంచంలో ఉండరని అన్నాడు. హాస్టల్ గదిలో అది చదివి వెంటనే ఇన్‌ల్యాండ్ లెటర్ రాశాను తాతయ్యకు. సాలెగూడు అన్న మాట కింద గీత గీసి మరీ రాశాను. జవాబు రాలేదు. సెలవులకు వెళ్తే ఆ ఉత్తరం నోటు పుస్తకంలో వెనక వైపు అంటించి ఉంది.

శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చిన అవచి తిప్పయ్యసెట్టి కూడా ఈ తీరానికి సరుకులు తెప్పించిన వర్తకుడే. సింహళం, చీనా, హురుమంజి (పర్షియా తీరంలోని హోర్ముజ్) నుంచి సుగంధ ద్రవ్యాలు, గుర్రాలు తెప్పించేవాడట. కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు కావలసిన కర్పూరం, కస్తూరి అన్నీ ఆయనే అందించేవాడు. తర్వాతి కాలంలో వ్యాపారం మచిలీపట్నం వైపు మళ్ళింది. 1611లో ఇంగ్లీషువాళ్ళ ఓడ అక్కడికి వచ్చేనాటికి మోటుపల్లి పేరు ఎవరి నోటా లేదు. ఒక రేవు ఎలా పోతుందో, అంతటి ఊరు మేకలు పడుకునే నీడగా ఎలా మిగులుతుందో తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పినట్టు అవుతుంది.

తాతయ్య 2006లో పోయాడు. చివరి రెండేళ్ళు చూపు ఆనక మగ్గం ఎక్కలేదు. మగ్గం మీద పిన్ని కూర్చుంది. బాబాయి ఇల్లరికం వచ్చాడు, ఆయన కూడా నేతగాడే. పోయేముందు తాతయ్య కాగితం రాయించి ఇల్లు ముగ్గురికీ సమానంగా పెట్టాడు. పెద్దమ్మ, అమ్మ తమ వాటా పిన్నికే వదిలేశారు. దాని మీద ఎవరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

2023 సంక్రాంతికి మా పాపను తీసుకుని వేటపాలెం వెళ్ళాను. దానికి పదేళ్ళు. మోటుపల్లి చూపిద్దామని కారులో బయలుదేరాం. నేను సైకిలు తోసిన ఇసుక దారి ఎక్కడో గుర్తుపట్టలేకపోయాను. బోర్డుల మీద బాపట్ల జిల్లా అని ఉంది. నా చిన్నప్పుడు అది ప్రకాశం జిల్లా. అమ్మ చిన్నప్పుడు గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా పుట్టింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు, 2022 ఏప్రిల్‌లో ఈ వైపంతా బాపట్లలోకి పోయింది. దేశ్యుయ్యకొండ పట్టణం, ముకుళపురం అయిన ఊరికి ఇవన్నీ ఒక లెక్క కాదేమో. నాకు మాత్రం తాతయ్యతో వచ్చింది ప్రకాశం జిల్లాకే, అది మారదు.

గుడి దగ్గర స్తంభం ముందు చెప్పులు విడిచి, బాటిల్‌లో నీళ్ళు కొంచెం కొంచెంగా పోశాను. తువ్వాలు లేదు, రుమాలుతో అద్దాను. పైన ఆరి, గాళ్ళలో తడి మిగిలి, అక్షరాలు పైకి వచ్చాయి. పాప ఆశ్చర్యంగా చూసి, "నాన్నా, మళ్ళీ పొయ్యి," అంది. మళ్ళీ పోశాను. సుంకం సంగతి, వక్కల సంగతి, వల సంగతి చెప్పాను. వల పోగొట్టుకున్నతను ఎందుకు రాలేదని అడిగింది. చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

సాయంత్రం పిన్ని ట్రంకుపెట్టె తెరిచింది. నాఫ్తలీన్ ఉండల వాసన. తాతయ్య కళ్ళజోడు, అమ్మమ్మ నేత చీర ఒకటి, అడుగున నీలం అట్ట నోటు పుస్తకం. కుట్టు ఊడింది, అట్ట చివర్లు మెత్తబడిపోయాయి. నేను వెనక వైపు నుంచి తెరిచి గణపతిదేవుడి పేజీ చూపించాను. పక్కన చిన్న అక్షరాల్లో 'ఇచ్చింది వేరు, తెచ్చింది వేరు' అని ఉంది. నా ఇన్‌ల్యాండ్ లెటర్ జిగురు ఊడి జారిపోయింది. పాపకు అంత ఓపిక లేదు. రెండు వైపుల నుంచీ ఒకేసారి పేజీలు తిప్పుకుంటూ పోయి, నూలు లెక్కలు ఆగిపోయి శాసనాలు మొదలయ్యే చోటికి, పుస్తకం మధ్యకి వచ్చింది.

అక్కడ ఒక పేజీ ఉంది. పైన శకం 1280 అని రాసి, కింద మూడు పేర్లు ఒకదాని కింద ఒకటి. పెద్దమ్మ, అమ్మ, పిన్ని. ఇంకేమీ లేదు.

"ఈ పేజీ నేను చూడలేదురా ఇన్నేళ్ళూ," అంది పిన్ని. "నేను లెక్కల వైపు నుంచే తీసేదాన్ని."

పాప మధ్య పేరు మీద వేలు పెట్టి చదువుకుని, తలెత్తి నా వైపు చూసి, "నాన్నమ్మ," అంది.